డిసెంబరు చలిలో నాన్నగారితో ఫుట్‌బాల్ మ్యాచ్: క్లబ్ సీటుకి రెట్టింపు డబ్బు పెట్టాలా?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. మీరు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటారు. హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు వచ్చారు, జనవరిలో తిరిగి వెళ్తారు. నాన్నగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, షుగరు. క్రికెట్ అంటే ప్రాణం. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ ఒక్కసారైనా స్టేడియంలో కూర్చుని చూడాలని ఆయనే నోరు తెరిచి అడిగారు. మీరు, ఆయన, తొమ్మిదేళ్ల మీ అబ్బాయి కలిసి డిసెంబరులో మెట్‌లైఫ్ స్టేడియంలో జెయింట్స్ జట్టు మ్యాచ్‌కి వెళ్దామనుకుంటున్నారు. క్లబ్ సీట్ల ధర మామూలు సీట్లకి రెట్టింపు పైనే ఉంది, అంత పెట్టడం సబబేనా అని అడిగారు. దాంతోపాటు ఆఫీసులో ఒకాయన తన పీఎస్‌ఎల్ (సీజన్ టికెట్లు కొనుక్కునే హక్కు) అమ్ముతానంటున్నాడు, తీసుకోవచ్చా అనీ అడిగారు.

నేను 2007 నుంచి న్యూజెర్సీలో ఉంటున్నాను. పాత జెయింట్స్ స్టేడియంలో చివరి సీజన్లు చూశాను. 2010లో కొత్త స్టేడియం తెరిచినప్పటి నుంచి ఏటా ఐదారు మ్యాచ్‌లకి వెళ్తున్నాను. ఎక్కువసార్లు పై అంతస్తులో, నా డబ్బుతో. మధ్యలో మూడు సీజన్లు మా కంపెనీకి క్లబ్ సీట్లు ఉండేవి, అప్పుడు అక్కడ కూడా చాలాసార్లు కూర్చున్నాను. మా నాన్నగారిని ఒకసారి, మా మామగారిని ఒకసారి తీసుకెళ్లాను. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయకుండా ఉండలేకపోయాను.

సూటిగా చెప్పాలంటే, క్లబ్ సీటు కొనేది ఒంటి సుఖం కోసం. ఆట బాగా కనిపించడం కోసం కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. మీ విషయంలో నాన్నగారి మోకాళ్లు ఉన్నాయి కాబట్టి ఒంటి సుఖం చిన్న విషయం కాదు. కానీ దానికి క్లబ్ సీటు ఒక్కటే దారి కాదు. ఇంకో దారి ఉంది, అది మన వాళ్లలో చాలామందికి తెలియదు. కింద చెప్తాను.

ముందు క్లబ్ సీటులో ఏం వస్తుందో చూద్దాం. మెట్‌లైఫ్‌కి పైకప్పు లేదు. క్లబ్ సీటు కూడా బయటే, ఆకాశం కిందే ఉంటుంది. అద్దాల వెనక సోఫాలో కూర్చుని చూస్తామని చాలామంది ఊహించుకుంటారు. అలా కాదు. మీ కుర్చీ బయట ఉంటుంది, కొంచెం వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. మీ వెనక తలుపు తీస్తే లోపల హీటర్లున్న పెద్ద లాంజ్. అక్కడ తిండి, బార్, టీవీలు, కూర్చోవడానికి బల్లలు, వరస తక్కువగా ఉండే బాత్రూములు. మీరు ఎక్కువ డబ్బు పెడుతున్నది ఆ తలుపు కోసం. చలి ఎక్కువైనప్పుడు నాలుగడుగులు వేసి వెచ్చటి గదిలోకి వెళ్లే హక్కు కోసం.

ఈ ఏర్పాటు ఎలా పుట్టిందో తెలిస్తే ధర ఎందుకంత ఉంటుందో అర్థమవుతుంది. 1987లో మయామీలో తెరిచిన జో రాబీ స్టేడియాన్ని కట్టేటప్పుడు అక్కడి ఫుట్‌బాల్ జట్టు యజమాని ప్రభుత్వ సొమ్ము కోసం చూడకుండా, సూట్లు (విడి గదులు), క్లబ్ సీట్లు ఏళ్ల తరబడి ముందుగానే లీజుకిచ్చి ఆ ఆదాయం మీద నిర్మాణానికి డబ్బు తెచ్చుకున్నాడు. మిగతా జట్లన్నీ అది చూసి నేర్చుకున్నాయి. ఈ జట్లన్నీ ఆడే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మామూలు టికెట్ ఆదాయంలో 34 శాతం అన్ని జట్ల ఉమ్మడి ఖాతాకి పోతుంది. సూట్ల డబ్బు మాత్రం సొంత జట్టు దగ్గరే ఉండిపోతుంది. క్లబ్ సీటు మీద అదనంగా వసూలు చేసే సొమ్మును స్టేడియం అప్పులు తీర్చడానికి వాడుకునే వెసులుబాటు కూడా చాలా జట్లకి దొరికింది. ఆ కుర్చీ ధరలో స్టేడియం అప్పు ఉంది, లాంజ్ ఖర్చు ఉంది, కంపెనీలు తమ క్లయింట్లని కూర్చోబెట్టడానికి ఎంతైనా పెడతాయన్న లెక్క ఉంది. అక్కడి నుంచి బంతి ఎంత బాగా కనిపిస్తుందన్నది ఆ లెక్కలో చిన్న భాగం.

ఇప్పుడు ఆట కనిపించే సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మొదటిసారి చూసే మనిషికి ఇదే అన్నిటికంటే ముఖ్యం.

మన ఊళ్లలో సినిమా హాళ్లకి నేల, బెంచీ, బాల్కనీ ఉండేవి కదా. నేల టికెట్ తీసుకుంటే మెడ పైకెత్తి చూడాలి, తెర మీద ఒక మూల చూస్తుంటే ఇంకో మూల తప్పిపోతుంది. బాల్కనీలో కూర్చుంటే తెరంతా ఒకేసారి కళ్లలో పడుతుంది. ఫుట్‌బాల్ కూడా అచ్చం అంతే. కాకపోతే ఇక్కడ నేల టికెట్టే ఖరీదు. మైదానానికి ఆనుకుని ఉన్న మొదటి ఐదారు వరసల్లో కూర్చున్నారనుకోండి, మీ ముందు మైదానం పక్క గీత (సైడ్‌లైన్) మీద ఆటగాళ్లు, కోచ్‌లు, సిబ్బంది, కెమెరా వాళ్లు గోడ కట్టినట్టు నిలబడి ఉంటారు. ఆరడుగుల నాలుగంగుళాల మనుషులు, భుజాల మీద ప్యాడ్లు. వాళ్ల సందుల్లోంచి చూడాలి. బంతి మీ వైపు కాకుండా అవతలి వైపు పోతే అది ఎంత దూరం పోయిందో కూడా అంచనా అందదు. చివరికి అందరూ పెద్ద తెర వైపే చూస్తారు.

జట్ల కోచ్‌లు ఆటని తర్వాత చదువుకోవడానికి వాడే వీడియోని ఆల్-22 అంటారు. 22 మంది ఆటగాళ్లూ ఒకే చట్రంలో కనిపించేలా స్టేడియం పైభాగం నుంచి తీస్తారు. ఆటని వృత్తిగా చేసుకున్నవాళ్లు ఎంచుకున్న చోటు అదీ. పై అంతస్తులో, మైదానం మధ్య గీతకి దగ్గర్లో, కింది వరసల్లో కూర్చుంటే మీకు దాదాపు ఆ చూపే దొరుకుతుంది.

మా నాన్నగారిని తీసుకెళ్లినప్పుడు మేం కూర్చున్నది అక్కడే. రైల్లో ఆయనకి ఒకటే నియమం చెప్పాను: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోవాలి, పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, పోకపోతే బంతి అవతలి వాళ్లకి. అంతే. రెండో క్వార్టర్‌కి (ఆట నాలుగు భాగాల్లో రెండోదానికి) వచ్చేసరికి ఆయన కుర్చీలో ముందుకి వంగి కూర్చున్నారు. మూడో డౌన్, అంటే మూడో ప్రయత్నం, ఎనిమిది గజాలు కావాలి. బంతి వెనక్కి అందగానే కుడివైపు ఇద్దరు పరుగెత్తారు, వాళ్ల వెంట ముగ్గురు వెళ్లారు. ఎడమ మూల ఒకడు ఒంటరిగా ఉన్నాడు. "అదిగో, ఆ మూల వాడు ఖాళీగా ఉన్నాడు, వాడికెయ్యరేం?" అని గట్టిగా అరిచారు. ఒక్క క్షణం తర్వాత బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వాడికే వేశాడు. మా ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన, జెయింట్స్ టోపీ పెట్టుకున్నాయన, వెనక్కి తిరిగి నాన్నగారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నాన్నగారు ఇంటికొచ్చాక రెండు వారాలపాటు ఫోన్లో అందరికీ చెప్పింది ఈ ఒక్క సంగతే. అదే కింద ఆరో వరసలో కూర్చుని ఉంటే ఆ మూల ఆయనకి కనిపించేది కాదు.

క్లబ్ సీట్ల నుంచి కూడా ఆట బాగానే కనిపిస్తుంది. అవి చాలా చోట్ల మధ్య అంతస్తులో, సైడ్‌లైన్ పొడవునా, 20 గజాల గీతల మధ్యన ఉంటాయి. మంచి ఎత్తు, మంచి కోణం. నేను చెప్పేదేమిటంటే, అదే ఎత్తులో, రెండు మూడు సెక్షన్లు పక్కకి, మైదానం కొస (గోల్ లైన్) వైపు జరిగితే మామూలు మెజనైన్ (మధ్య అంతస్తు) సీట్లు ఉంటాయి. చూపులో తేడా కొంచెమే. ధరలో తేడా చాలా. మైదానం రెండు కొసల్లోని ఎండ్ జోన్ల వెనక సీట్లు మాత్రం మొదటిసారి చూసేవాళ్లకి నేను చెప్పను. బంతి మీ వైపు వస్తే ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. అవతలి కొసకెళ్తే మాత్రం అరగంటసేపు ఏమీ అర్థం కాదు.

మీ అబ్బాయికి ఇంకో రకం సరదా ఉంటుంది. దగ్గరి నుంచి చూస్తే ప్యాడ్లు ఢీకొన్న చప్పుడు, క్వార్టర్‌బ్యాక్ కేకలు, ఆ మనుషుల సైజు, ఇవన్నీ పిల్లలకి మర్చిపోలేని విషయాలు. దానికోసం ఖరీదైన సీటు అక్కర్లేదు. త్వరగా వెళ్లండి. చాలా స్టేడియాల్లో ఆటగాళ్లు వార్మప్ చేస్తున్నప్పుడు, జనం పలచగా ఉన్నప్పుడు, పిల్లల్ని కింది వరసల దాకా పోనిస్తారు. అక్కడున్న సిబ్బందిని మర్యాదగా అడిగితే చాలు.

ఇక నాన్నగారి మోకాళ్లు. ఇక్కడ సమస్య కుర్చీ మెత్తదనం కాదు, రెండు వేరే సంగతులు. ఒకటి మెట్లు. పై అంతస్తుకి ఎస్కలేటర్లు, లిఫ్టులు ఉంటాయి కానీ మీ సెక్షన్‌లోకి అడుగుపెట్టాక మీ వరస దాకా నిటారుగా ఉన్న సిమెంటు మెట్లే. ఇరవయ్యో వరస అంటే మోకాళ్ల నొప్పులున్న మనిషికి నరకం. పైగా బాత్రూముకి వెళ్లిన ప్రతిసారీ దిగి ఎక్కాలి, షుగరున్న మనిషి కాబట్టి ఎన్నిసార్లు వెళ్లాలో మీకు తెలుసు. రెండోది నిలబడటం. మూడో డౌన్ వచ్చిన ప్రతిసారీ, గోల్ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ జనమంతా లేచి నిలబడతారు. మీ ముందువాళ్లు లేస్తే మీరూ లేవాలి, లేకపోతే వీపులే కనిపిస్తాయి. మూడు గంటల పైన సాగే మ్యాచ్‌లో ఇది ముప్పై నలభైసార్లు జరుగుతుంది. క్లబ్‌లో జనం కాస్త తక్కువగా లేస్తారు, అది దానికున్న మంచి గుణం. కానీ జట్టు బాగా ఆడుతున్న రోజున అక్కడా లేస్తారు.

నేను మొదట్లో అన్న ఇంకో దారి ఇదే. అమెరికాలో ఏడీఏ అనే చట్టం ఉంది, వికలాంగుల హక్కుల చట్టం. దాని ప్రకారం ప్రతి స్టేడియంలోనూ మెట్లెక్కే పని లేకుండా చేరుకోగలిగే సీట్లు ఉండాలి. వీటిని యాక్సెసిబుల్ సీట్లు అంటారు. ఇవి చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకి మాత్రమే అని మన వాళ్లు అనుకుంటారు. కాదు. నడక, మెట్లు ఇబ్బందిగా ఉండి అలాంటి సీటు నిజంగా అవసరమైన ఎవరైనా కొనుక్కోవచ్చు. డాక్టరు కాగితం చూపించమని అడగకూడదు కూడా. ఆ సీటుతోపాటు పక్కనే ఇంకో మూడు సీట్ల దాకా తోడు వచ్చేవాళ్లకి కొనుక్కునే వీలుండాలి. మీరు ముగ్గురే కాబట్టి సరిపోతుంది. వాటికి మామూలు సీటు కంటే ఎక్కువ ధర వేయకూడదు. అన్నిటికంటే గొప్ప సంగతి ఏమిటంటే, ముందున్న జనం నిలబడినా వాళ్ల తలల మీదుగా మైదానం కనిపించేలా ఆ వేదికలు కట్టాలని కొత్త స్టేడియాలకి నియమం ఉంది. లేవకుండా కూర్చున్నచోటి నుంచే చూడగలిగే సీటు! నాన్నగారికి కావలసింది అచ్చంగా ఇదే.

టికెట్ సైట్లో వెతికేటప్పుడు యాక్సెసిబుల్ అనే ఫిల్టర్ ఉంటుంది, అది పెట్టి చూడండి. దొరక్కపోతే స్టేడియం టికెట్ ఆఫీసుకి ఫోన్ చేసి సంగతి చెప్పండి. నిజంగా అవసరం ఉన్నవాళ్ల కోసం ఉన్న సీట్లవి, నాన్నగారికి అవసరం ఉంది, కాబట్టి మొహమాటపడకండి. అవీ కుదరకపోతే ఏదో ఒక అంతస్తులో మొట్టమొదటి వరస చూడండి, ముందు ఎవరూ లేవరు కదా. కాకపోతే కొన్నిచోట్ల ముందున్న రెయిలింగ్ కళ్లకి అడ్డొస్తుంది. కొనే ముందు ఆ సెక్షన్ నుంచి తీసిన ఫొటోలు ఇంటర్నెట్లో వెతికి చూడండి.

చలి గురించి. మా మామగారిని తీసుకెళ్లింది డిసెంబరులోనే, కంపెనీ క్లబ్ సీట్లలో. మొదటి క్వార్టర్ బయట కూర్చున్నారు. రెండో క్వార్టర్ మధ్యలో "లోపలికెళ్లి కాస్త కాళ్లు వెచ్చబెట్టుకుంటాను" అన్నారు. లోపల వేడి సూప్ దొరికింది, సోఫా దొరికింది, ఎదురుగా టీవీలో అదే మ్యాచ్. ఇక బయటికి రాలేదు. నాలుగో క్వార్టర్‌లో వెళ్లి పిలిస్తే, "ఇక్కడ బాగానే కనిపిస్తోంది కదా అల్లుడూ, మీరు చూసి రండి" అన్నారు. ఆయన హాయిగా ఉన్నారు, నాకు సంతోషమే. కానీ 80 వేల మంది ఒక్కసారిగా అరిచినప్పుడు స్టేడియం ఎలా ఊగుతుందో ఆయనకి తెలియలేదు. లాంజ్ వెచ్చగా ఉంటుంది కాబట్టి జనం అక్కడే ఉండిపోతారు. హాఫ్‌టైమ్ అయ్యాక మూడో క్వార్టర్ మొదలైనా క్లబ్ కుర్చీలు సగం ఖాళీగా ఉండటం మీరు టీవీలోనూ చూసే ఉంటారు, కాలిఫోర్నియాలో లీవైస్ స్టేడియం దీనికి బాగా పేరుపడింది. చుట్టూ ఖాళీ కుర్చీలుంటే ఆ ఊపు రాదు. నాన్నగారు ఆ జనసముద్రంలో కూర్చోవాలనే అడిగారనుకుంటే, ఇది ఆలోచించాల్సిన విషయం.

చలిని తట్టుకోవడానికి చవకైన ఉపాయాలున్నాయి. చలి పైనుంచి కంటే కింది నుంచి ఎక్కువ ఎక్కుతుంది. సిమెంటు నేల పాదాల్లోంచి వేడిని లాగేస్తుంది. ఇంటి నుంచి అమెజాన్ అట్టపెట్టె ఒకటి విప్పి, మడిచి తీసుకెళ్లి పాదాల కింద పరచండి. నవ్వులాట కాదు, ఇక్కడ పుట్టి పెరిగిన అభిమానులు తరాలుగా చేస్తున్న పని ఇది. రెండు జతల సాక్సులు, లోపల థర్మల్స్, చెవులు మూసే టోపీ, జేబులో పెట్టుకునే హ్యాండ్ వార్మర్లు, కూర్చునే చోట ఒక దుప్పటి. షుగరున్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తక్కువగా ఉండొచ్చు, చలి తెలియకుండానే దెబ్బతీస్తుంది. అందుకని హాఫ్‌టైమ్‌లో ఆయన కాలి వేళ్లు మీరే ఒకసారి పట్టుకు చూడండి. వార్మర్లని చర్మానికి నేరుగా తగలనివ్వకండి, కాలినా తెలియదు.

మ్యాచ్ వేళ కూడా చూసుకోవాలి. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది. ఆదివారం ఒంటిగంట మ్యాచ్ అయితే దాదాపు వెలుతురుండగానే ముగుస్తుంది. రాత్రి 8:20 మ్యాచ్‌కి మాత్రం పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు, ఏ సీటైనా సరే. ఒక హెచ్చరిక: సీజన్ చివర్లో ఆదివారం మ్యాచ్ వేళని టీవీ కోసం మార్చే హక్కు లీగ్‌కి ఉంది, ఆరు రోజుల ముందు చెప్పి కూడా మార్చొచ్చు. కాబట్టి రెండు జట్లూ మంచి ఊపులో ఉన్న మ్యాచ్ కంటే ఎవరూ పెద్దగా పట్టించుకోని మ్యాచ్ మీకు మంచిది. దాన్ని రాత్రికి జరపరు, ధర కూడా తగ్గుతుంది.

ఎండ సంగతి కూడా ఒక్క మాట. మైదానాలు ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. మధ్యాహ్నం మ్యాచ్‌లో తూర్పు వైపు కూర్చుంటే ఎండ మొహాన పడుతుంది, పడమటి వైపు నీడ. సెప్టెంబరులో నీడ వైపు తీసుకోవాలి, డిసెంబరులో ఎండ వైపు. డాలస్ దగ్గర ఆర్లింగ్టన్‌లో కౌబాయ్స్ స్టేడియం దీనికి భిన్నంగా తూర్పు పడమరలుగా ఉంది. 2024 నవంబరులో ఈగల్స్‌తో ఆడుతుంటే పడమటి అద్దాల్లోంచి వచ్చిన ఎండలో కౌబాయ్స్ ఆటగాడు సీడీ ల్యాంబ్‌కి ఎండ్ జోన్‌లో తన దగ్గరికి వచ్చిన బంతే కనిపించలేదు. ఆటగాడికే అలా ఉంటే చూసేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

క్లబ్ సీటే కొందామని మీరు నిర్ణయించుకుంటే మాత్రం, దయచేసి ఈ ఒక్క విషయం మర్చిపోవద్దు. "క్లబ్" అన్న మాటకి ఒకే అర్థం లేదు. కొన్నిట్లో తిండి, కూల్‌డ్రింకులు టికెట్లోనే కలిసి ఉంటాయి. కొన్నిట్లో లాంజ్‌లోకి వెళ్లే హక్కు మాత్రమే, తిండికి విడిగా కట్టాలి, అదీ బయటికంటే ఎక్కువ ధరకి. మెట్‌లైఫ్‌లోనే సొంత జట్టు బెంచీ వెనక, మైదానం మట్టానికి ఉండే కోచెస్ క్లబ్ వేరు, మధ్య అంతస్తులోని క్లబ్బులు వేరు. నేను ఒకసారి ఒక రీసేల్ సైట్లో "క్లబ్ లెవెల్" అని రాసి ఉంటే మూడు టికెట్లు కొన్నాను, ఇండియా నుంచి వచ్చిన స్నేహితుడి కుటుంబం కోసం. తీరా లాంజ్ తలుపు దగ్గరికి వెళ్తే అక్కడున్నావిడ ఫోన్లో టికెట్ చూసి, ఇది ఆ అంతస్తులోని మామూలు సీటు, లోపలికి హక్కు లేదు అంది. ఆమె తప్పేం లేదు, ఆ సైట్లో రాసినవాళ్లు అంతస్తు పేరుని క్లబ్ పేరులా రాశారు. చలిలో పసిపిల్లతో ఉన్న ఆ తల్లి మొహం నాకింకా గుర్తుంది. అందుకే కొనే ముందు రెండు చూడండి: లాంజ్ ప్రవేశం ఉందని స్పష్టంగా రాసి ఉందా, తిండి కలిపి ఉందా. సెక్షన్ నంబరుని జట్టు సొంత సైట్లోని మ్యాప్‌తో పోల్చి చూసుకోండి.

తిండి కలిపి ఉంటే లెక్క మారుతుంది. ముగ్గురు మనుషులు స్టేడియంలో తినే తిండి, తాగే కాఫీల ఖర్చు తీసేస్తే అసలు తేడా తగ్గుతుంది. కానీ నాన్నగారు శాకాహారి అయితే ఆ లాభం సగానికి పడిపోతుంది. వడ్డించేవాటిలో మాంసమే ఎక్కువ, ఆయనకి ఫ్రైస్, ప్రెట్జెల్, సలాడ్, చీజ్ పిజ్జా. మెట్‌లైఫ్‌లో పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఇంటి తిండి తెచ్చుకోనిచ్చారు ఇంతకాలం, వెళ్లే ముందు వాళ్ల సైట్లో ఒకసారి నిబంధన చూసుకోండి. మేం చపాతీలో ఆలూ కూర చుట్టి, ఒక్కోటీ ఫాయిల్‌లో పెట్టి, గ్యాలన్ జిప్‌లాక్ సంచిలో తీసుకెళ్తాం. చలిలో పులిహోర గడ్డకట్టినట్టు అవుతుంది, అది వద్దు. సంచుల నియమం 2013 నుంచి లీగ్ అంతటా ఒకటే: 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు మించని పారదర్శక సంచి, లేదా గ్యాలన్ జిప్‌లాక్. అమ్మగారి హ్యాండ్‌బ్యాగ్ ఇచ్చి పంపితే గేటు దగ్గరే ఆపేస్తారు. మందులు, గ్లూకోజ్ మీటర్ లాంటివి తనిఖీ చేసి పంపిస్తారు, అవి తప్పకుండా ఉంచుకోండి.

ధరలు పోల్చేటప్పుడు, 2025 మే నుంచి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధర ముందే చూపించాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ నియమం తెచ్చింది. కాబట్టి మొదట కనిపించే అంకెనే నమ్మి పోల్చుకోవచ్చు. ఓడిపోతున్న జట్టు, చలి రోజు అయితే మ్యాచ్ దగ్గరపడే కొద్దీ మామూలు సీట్ల ధర పడిపోతుంది. యాక్సెసిబుల్ సీట్లకి మాత్రం ఆ జూదం ఆడకండి, అవి తక్కువగా ఉంటాయి, ముందే తీసుకోండి.

పీఎస్‌ఎల్ మాట. అది టికెట్ కాదు. సీజన్ టికెట్లు కొనుక్కునే హక్కుకి ఒకసారి కట్టే డబ్బు, అంతే. జెయింట్స్ 2010లో తెరిచిన ఈ స్టేడియం కోసం సీటుని బట్టి వెయ్యి నుంచి 20 వేల డాలర్ల దాకా వసూలు చేసింది. అదే స్టేడియంలో ఆడే జెట్స్ పై అంతస్తుకి అసలు పీఎస్‌ఎల్ పెట్టలేదు. కౌబాయ్స్ అయితే కొన్ని సీట్లకి లక్షన్నర డాలర్ల దాకా వెళ్లింది. ఆ హక్కు ఉంచుకోవాలంటే ఏటా ప్రీసీజన్ (సీజన్ ముందు సన్నాహక మ్యాచ్‌లు)తో కలిపి పది మ్యాచ్‌ల టికెట్లూ కొని తీరాలి, మానేస్తే హక్కు పోతుంది. జెయింట్స్ పీఎస్‌ఎల్ కొన్నవాళ్లు చాలామంది కొన్న ధర కంటే తక్కువకే వదిలించుకున్నారు. ఏడాదికి ఒకటి రెండు మ్యాచ్‌లు చూసే కుటుంబం దాని జోలికి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. మీ ఆఫీసాయన మంచివాడే అయి ఉంటాడు. కావాలంటే ఈ ఒక్క మ్యాచ్‌కి ఆయన సీట్లు ఏ వరసలో ఉన్నాయో, మెట్లెన్నో అడిగి ఆయన దగ్గరే టికెట్లు కొనండి.

నేనే మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను. మొదట ఒంటిగంట మ్యాచ్‌కి యాక్సెసిబుల్ సీట్లు వెతుకుతాను. దొరికితే అక్కడితో వెతకడం ఆపేస్తాను. దొరక్కపోతే, ఆ వారం వాతావరణం చూసి, పగలు గడ్డకట్టే చలి అయితే తిండి కలిసి ఉన్న క్లబ్ సీట్లు, ముప్పావు వంతు మ్యాచ్ బయటే కూర్చుందామని నాన్నగారితో ముందే ఒప్పందం చేసుకుని. చలి ఓ మాదిరిగా ఉంటే మెజనైన్‌లో కింది వరస. ఈ ప్రాంతం వాతావరణాన్ని ముందే అంచనా కట్టలేం. 2014 ఫిబ్రవరి 2న ఇదే స్టేడియంలో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) జరిగినప్పుడు ఊరంతా మంచు భయంతో ఉంది. ఆరోజు ఆట మొదలయ్యేసరికి 49 డిగ్రీల ఫారెన్‌హీట్, హాయిగా ఉంది. తెల్లారేసరికి మంచు తుపాను.

కారులో వెళ్తే పార్కింగ్ నుంచి నడక ఎక్కువ, అదీ ముందే కొనుక్కోవాలి. ఎడిసన్ నుంచి రైలెక్కి సెకాకస్‌లో దిగి మెడోలాండ్స్ రైలు మారండి, పది నిమిషాల్లో స్టేడియం పక్కనే దించుతుంది. సెకాకస్‌లో లిఫ్టు ఎక్కడుందో చూసుకోండి. స్టేడియం గేటు దగ్గర గెస్ట్ సర్వీసెస్ వాళ్లని అడిగితే చక్రాల కుర్చీలో సీటు దాకా దింపే సాయం దొరుకుతుంది, అడగడానికి నాన్నగారు ఒప్పుకోకపోయినా మీరు అడగండి. తిరుగు ప్రయాణంలో మ్యాచ్ అవ్వగానే పరుగెత్తొద్దు, ఆ రైలు వరసలో ముప్పావు గంట నిలబడాల్సి రావచ్చు. అరగంట సీట్లలోనే కూర్చుని, ఫ్లాస్కులు లోపలికి రానివ్వరు కాబట్టి అక్కడే ఒక కాఫీ కొని ఆయన చేతికివ్వండి. జనం పలచబడ్డాక లేవండి. ఏ మ్యాచ్‌కి వెళ్తున్నారో తేదీ చెప్తే, ఏ వైపు ఏ సెక్షన్ చూడాలో నేను ఇంకా వివరంగా చెప్పగలను.